తాళాల గుత్తి కింద పెట్టను

'హ్యాండ్ ఓవర్' అనే ఇంగ్లీషు మాటను నేను ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు చెప్తాను. పరీక్షలో వస్తుంది కాబట్టి చెప్పక తప్పదు. చెప్పిన ప్రతిసారీ కోపం వస్తుంది. ఆ కోపం పిల్లల మీద కాదు.

చూడడానికి చిన్న మాట. ఒకరి చేతిలో ఉన్నది ఇంకొకరి చేతిలో పెట్టడం. దొరికిన దొంగను పోలీసులకు అప్పగించినా అదే మాట. రిలే పరుగుపందెంలో కట్టె చేతులు మారినా అదే మాట. టీవీలో వార్తలు చదివే ఆమె, ఎక్కడో వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డ విలేకరికి మాట అందించినా అదే. ఆఫీసులో కుర్చీ దిగిపోయేవాళ్లు ఎక్కేవాళ్లకు బాధ్యత ఇవ్వడాన్ని కూడా అట్లాగే అంటారు. ఇవన్నీ బోర్డు మీద రాసి, "ఇప్పుడు మీరు ఒక్కొక్కరు ఒక వాక్యం చెప్పండ్రి" అంటాను.

ఒకసారి ఒక పిల్ల లేచి, "మా మామ మేకను షావుకారుకు హ్యాండ్ ఓవర్ చేసిండు మేడం" అంది.

"మంచిగ చెప్పినవ్. మళ్ల తెచ్చుకున్నడా?"

"లేదు మేడం. వాళ్లు దావత్ చేస్కున్నరు."

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ పిల్ల లేచి, "సెలవులల్ల మా అక్క సెల్లు హ్యాండ్ ఓవర్ చేస్తలేదు మేడం" అని ఫిర్యాదు చేసింది. అది కూడా సరైన వాక్యమే. నేను ఒప్పుకుని కూర్చోమన్నాను.

బోర్డు మీద రాయని సంగతి ఒకటుంది. అప్పగించడానికి రెండు చేతులు కావాలి. ఇచ్చే చెయ్యి ఒకటి, పట్టే చెయ్యి ఒకటి. పట్టే చెయ్యి ముందుకు రాకపోతే ఇచ్చేది అట్లా చాపుకునే ఉండాలి. నేను కొన్నేండ్లు అట్లా ఉన్నాను.

మా ఇల్లు స్టేషన్ ఘన్‌పూర్‌లో. కొలువు మహబూబాబాద్ జిల్లాలో, గంగారం దాటినాక అడవి అంచున ఉన్న ఆడపిల్లల గురుకులంలో. ఇంగ్లీషు టీచర్‌గా పోయాను. ఒకరోజు తొమ్మిదో తరగతిలో పాఠం చెప్తుండగా అప్పటి ప్రిన్సిపాల్ మేడం తలుపు దగ్గరికి వచ్చింది. ఆమెకు బదిలీ అయింది. బ్యాగు భుజానికి ఉంది. బయట కారు ఇంజను నడుస్తూనే ఉంది. తాళాల గుత్తి నా టేబుల్ మీద పెట్టి, "రెండు రోజులు చూస్కోండ్రి మేడం, కొత్తామె వస్తది" అంది. నేను డస్టర్ పక్కన పెట్టి చేతికంటిన సుద్ద దులుపుకునేలోపు కారు గేటు దాటింది. గుత్తి నా చేతికి కూడా ఇవ్వలేదు. కొత్తామె రాలేదు. ఆ రెండు రోజులు సాగి సాగి నేను ఇంచార్జి ప్రిన్సిపాల్‌నయ్యాను.

ఇంచార్జి అంటే జీతం టీచర్‌ది, తిట్లు ప్రిన్సిపాల్‌వి. బోరు మోటరు కాలినా నేనే, పప్పులో పురుగొచ్చినా నేనే, గోడ దూకి కోతులొచ్చినా నేనే. స్టోర్ రూం, పిల్లలు పడుకునే హాళ్లు, ల్యాబు, ఆఫీసు, మందుల బీరువా, గేటు, అన్నీ ఆ గుత్తిలోనే. దాన్ని ఎడమవైపు నడుముకు దోపుకునేదాన్ని. నా చీరలన్నీ ఎడమవైపే చిరిగాయి. సెలవు అడిగితే పై ఆఫీసువాళ్లు ఒకటే అడిగేవాళ్లు. "మీరు పోతే తాళాలెవరికి ఇస్తరు మేడం?" తోటి టీచర్లను అడిగితే ఒకామెకు బీపీ, ఒకామెకు చంటిపిల్ల. ఇంకొకామె ఏ సాకూ చెప్పలేదు. "నేను పట్ట మేడం" అంది, అంతే. ఆమెనే నేను ఎక్కువ గౌరవిస్తాను. మరిచిపోలేదు కూడా.

మా బిడ్డ ఘన్‌పూర్‌లో తండ్రి దగ్గర పెరిగింది. పిల్లలు సాయంత్రం చదువుకు కూర్చునే ముందు నేను రోజూ ఇంటికి ఫోన్ చేసేదాన్ని. మొదట్లో బిడ్డ ఫోన్ వదిలేది కాదు. ఎవరు ఎవరిని గిచ్చారో, ఏ సారు జుట్టుకు రంగేసుకున్నాడో అన్నీ చెప్పేది. తరువాత తరువాత మాటలు తగ్గాయి. పోయిన ఏడాది నుంచి, "ఆఁ అమ్మా, తిన్న. నాయినకిస్తున్న" అని ఫోన్ తండ్రి చేతిలో పెట్టేయడం మొదలుపెట్టింది. నేను నోరు తెరిచేలోపు ఫోన్ చేతులు మారిపోయేది. మా ఆయన గొంతు సవరించుకుని, "చదువుకుంటున్నదే, పరీక్షలు గదా" అనేవాడు. ఏ నెలలో అడిగినా పరీక్షలే.

ఈ ఏడు బిడ్డకు పదో తరగతి. అది అయిపోతే హన్మకొండలో కాలేజీ హాస్టల్‌కు పోతుంది. అంటే ఆమె ఇంట్లో ఉండే ఆఖరు ఏడు ఇదే. ఈ ఏడు నేను ఇల్లు చేరకపోతే తరువాత ఎప్పుడు చేరినా నాకు దొరికేది ఖాళీ మంచం. అందుకే బదిలీకి పెట్టుకున్నాను. నాకు ప్రమోషన్ వద్దు, శాలువాలు వద్దు. ఈ ఒక్క ఏడు కావాలి.

ఇక్కడ చిట్యాల మేడం గురించి చెప్పాలి. అంతకుముందు ఒకసారి భూపాలపల్లిలో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ పెట్టారు. చెప్పడానికి వచ్చినవాళ్లలో ఈమె ఒకరు. చిట్యాల దిక్కు భూములున్న ఇంటి బిడ్డ. మాట స్పష్టంగా ఉంటుంది, చీర గంజి పెట్టినట్టు నిలబడుతుంది. మాలో ఒక్కొక్కరికి ఒక్కో మాట ఇచ్చి, ఉదాహరణతో పాఠం చెప్పమన్నారు. నాకు వచ్చింది ఈ మాటే. నేను బోర్డు మీద రాసిన వాక్యం ఇది: పెండ్లిలో తండ్రి తన బిడ్డను అత్తగారింటికి అప్పగించాడు. మా దిక్కు పెండ్లిలో అప్పగింతల దగ్గర బ్యాండువాళ్లు కూడా వాయించడం ఆపుతారు. తండ్రి బిడ్డ చేతిని తీసి అత్త చేతిలో పెడతాడు. ఈ మాటకు అంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఇప్పటికీ దొరకలేదు.

చిట్యాల మేడం లేచి మైకులో, "పెండ్లిపిల్ల ఏమన్న సామానా మేడం, హ్యాండోవర్ చేయనీకి? మనుషులకు వాడొద్దు" అంది.

హాలంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో సారు, "ముట్టినట్టు సంతకం ఎవలు పెడ్తరు మేడం?" అన్నాడు. మళ్లీ నవ్వారు. దొంగ కూడా మనిషే కదా, వాణ్ని పోలీసులకు అప్పగించడానికి ఇదే మాట వాడమని పొద్దున మీరే చెప్పారు కదా అని నేను అడగబోయాను. నా గొంతు ముందు వరుస కూడా దాటలేదు. మైకు కోసం చెయ్యి చాపాను. ఆమె మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. నాకు ఇవ్వలేదు. భోజనాల దగ్గర నన్ను 'అప్పగింతల మేడం' అన్నారు. శిక్షణ అయిపోయేదాకా అదే పేరు.

ఆ తరువాత ప్రతి దసరాకూ సంక్రాంతికీ మా గురుకులం గేటు దగ్గర నేను నిలబడి ఒక్కొక్క పిల్లను పేరు పెట్టి పిలిచి తల్లికో తండ్రికో అప్పగించేదాన్ని. వాళ్లు పిల్ల ముట్టినట్టు సంతకమో వేలిముద్రో వేసి తీసుకుపోయేవాళ్లు. ప్రతిసారీ అనుకునేదాన్ని, ఆ మేడంను తెచ్చి ఇక్కడ నిలబెట్టాలి, ఎవరు సామాను, ఎవరు మనుషులు చూపించాలి అని.

ఈ వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచాక నా బదిలీ ఆర్డరు వచ్చింది. ఘన్‌పూర్ పక్కనే ఉన్న బడి. ఇంటినుంచి రోజూ పోయి రావచ్చు. కానీ ఒక షరతు. శనివారం సాయంత్రంలోగా అక్కడ చేరాలి. చేరకపోతే ఆ చోటు వరసలో తరువాతి వాళ్లకు పోతుంది. ఇక్కడినుంచి కదలాలంటే ముందు తాళాలు అప్పగించాలి. ఎవరికి అప్పగించాలా అని ఆర్డరు కింది వరస చదివితే, నా చోటికి పూర్తి స్థాయి ప్రిన్సిపాల్‌గా వస్తున్నది చిట్యాల మేడం.

ఆమె మంగళవారం దిగింది. కారులో స్టీలు ట్రంకు పెట్టె, సొంత మంచినీళ్ల డబ్బా.

"నమస్తే మేడం. మనం ఎక్కడనో కలిసినం గదా?"

"భూపాలపల్లిల" అన్నాను.

"అవునా? యాదికొస్తలేదు."

నేను గుత్తి తీసి చాపాను. ఆమె రెండు అడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, మంగళవారం మేడం! మంగళవారం నేను ఏదీ చేతుల పట్ట."

బుధవారం అష్టమి అంది. "మా చిన్నమ్మ బిడ్డ అష్టమి నాడు ఛార్జ్ తీస్కున్నది మేడం. ఇప్పటిదాంక సస్పెన్షన్లనే ఉన్నది."

గురువారం నవమి. "నవమి నాడు తీస్కున్నోళ్లకు ఏమైంది మేడం?" అని అడిగాను.

ఆమె ఆలోచించింది. "నవమి నాడు ఎవరూ తీస్కోరు గదా. ఏమైతదో ఎట్ల తెలుస్తది?"

గెస్ట్ రూంలో ఉంటూ, పూటపూటకూ పంచాంగం చూసుకుంటూ ఆమె మంచిరోజు కోసం ఎదురుచూస్తోంది. నా బట్టల బ్యాగు సర్దుకుని గోడకు ఆనించి ఉంది. మా వంటక్క గంటె పట్టుకుని ఆఫీసు గడప దగ్గరికి వచ్చింది.

"గామె తాళాలు తీస్కుంటదా మేడం, బతుకమ్మ దాంక గిట్లనే చూస్తదా?"

"తీస్కుంటదక్కా. శుక్రవారం అన్నది."

"నాకైతే నమ్మకం లేదు. అన్నం మాత్రం తిథి అడుగకుంటనే తింటున్నది."

శుక్రవారం పొద్దున చిట్యాల మేడం తలస్నానం చేసి వచ్చింది. "ఇయ్యాల మంచిగున్నది మేడం. లక్ష్మి ఇంట్లకచ్చే రోజు."

వచ్చేది ఆమె ఇంట్లోకి. పోయేది నా దగ్గరినుంచి. ఆ మాట అనకుండా ఉండలేకపోయాను. "మా ఇంట్ల శుక్రవారం ఏదీ బయటికియ్యరు మేడం" అన్నాను. పట్టింపులు ఆమె ఒక్కదానికే కాదు, మాకూ ఉన్నాయని తెలియాలని అన్నాను.

ఆమె వెంటనే, "అట్లనా? అయితే ఇంకో రోజు చూస్కుందామా?" అంది.

"వద్దు మేడం. ఇస్త."

పొద్దంతా సామాను చూసింది. మంచాలు, ట్రంకు పెట్టెలు, పళ్లాలు. ప్రతి సొట్టకూ కారణం అడిగింది. సొట్ట నేను రాకముందుదని చెప్తే, "అట్లనే అంటరు అందరు" అంది. స్టోర్ రూంలో బియ్యం అయింది, పప్పు అయింది. ఉప్పు ప్యాకెట్ అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఉప్పు చేతికియ్యొద్దు మేడం. కింద పెట్టుండ్రి, నేను తీస్కుంట." పెట్టాను. దాని మీద నాకు పేచీ లేదు. ఉప్పు చేతికిస్తే పంచాయితీ అయితదని మా ఇంట్లో కూడా కిందే పెడతాం. కారం కూడా కింద పెట్టమంది. నూనె డబ్బా కూడా. పెట్టాను.

అంతా అయ్యేసరికి లైట్లు వేశారు. గుత్తి తీశాను. ఆమె దేవుని పటం వైపు చూసి, "దీపాలు పెట్టినంక ఇప్పుడెందుకు మేడం? శుక్రవారం ఏదీ బయటికియ్యరని మీరే అన్నరు గద. మీకు మంచిది కాదు. పొద్దుగాల తీస్కుంట" అంది.

నా మాట తీసుకుని నా చేతులే కట్టేసింది. ఆ రాత్రి కూడా గుత్తి నా నడుముకే ఉంది.

శనివారం పొద్దున నర్సంపేట మీదుగా వరంగల్ పోయే బస్సు మా గేటు ముందు ఆగుతుంది. దాన్ని పట్టుకుంటే వరంగల్‌లో మారి ఆఫీసు మూసేలోపు చేరవచ్చు. తప్పితే మధ్యాహ్నందాకా ఇంకోటి లేదు. దానితో పోతే అక్కడ తలుపులు మూసేసి ఉంటాయి. పిల్లలు ప్రార్థనకు వరసల్లో నిలబడ్డారు. నా బ్యాగు వరండాలో ఉంది. నేను పిల్లలందరి ముందు గుత్తి చాపాను.

చిట్యాల మేడం చేతులు కట్టుకుని నిలబడింది. "కింద పెట్టుండ్రి మేడం. నేను తీస్కుంట."

"ఇది ఉప్పు కాదు మేడం."

"ఇనుము మేడం. శనివారం ఇనుము చేతికి తీస్కోరు."

ఆ పట్టింపు ఉందని నాకు తెలుసు. శనివారం ఇనుప సామాను కొనరు, ఇంట్లోకి తేరు. ఆమె చెప్పింది అబద్ధం కాదు. అయినా నా చెయ్యి కిందికి దిగలేదు. ఎందుకు దిగలేదో చెప్తాను.

మా అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ కైకిలి, అంటే కూలిపనికి, పోయేది. నేను వెంట పోయేదాన్ని. పొలం గలామె మధ్యాహ్నం మా అవ్వకు పచ్చడి ముద్ద పైనుంచి వేసేది. నీళ్లు పైనుంచి పోసేది, అవ్వ దోసిలి పట్టేది. కోత మొదలైన రోజు కొడవలిని కూడా చేతికి ఇవ్వలేదు. గడప బయట కింద పెట్టి, "తీస్కో" అంది. అవ్వ వంగి తీసుకుంది. అది ఏ వారమో ఎవరూ చూడలేదు. మా అవ్వకు అన్ని వారాలూ శనివారమే.

ఇప్పుడు కింద పెట్టేది నేను, వంగి తీసుకునేది ఆమె. ఆ తేడా నాకు తెలుసు. కానీ కింద పెట్టమనే మాట మళ్లీ ఆ భూములున్నవాళ్ల దిక్కునుంచే వచ్చింది.

"మీరు నా చేతిలకెల్లి తీస్కుంటెనే ఇస్త" అన్నాను. "లేకుంటే ఈ గుత్తి నాతోనే ఘన్‌పూర్ వస్తది."

"అట్లంటే ఎట్ల మేడం? పొద్దటి టిఫిన్ అయింది గని, పగటికి స్టోర్ తెరువాలె గద?"

"తెరువాలె."

"నేను మిమ్మల్ని ఏమన్న అన్ననా?"

"ఏమనలే. కింద పెట్టుమన్నరు."

ఆమె నా ముఖంలోకి చూసింది. అప్పటిదాకా ఆమె గుత్తినే చూస్తూ మాట్లాడింది. "మీరు గట్ల అనుకుంటున్నరా?" అంది, గొంతు తగ్గించి.

"నేను ఏం అనుకుంటలేను మేడం. చెయ్యి చాపి నిలబడ్డ."

గేటు దగ్గర బస్సు హారన్ కొట్టింది. డ్రైవర్‌కు నేను పోతున్న సంగతి తెలుసు. బిడ్డ యాదికొచ్చింది. కింద పెడితే అయిపోతుంది. పెట్టి, బ్యాగు తీసుకుని, బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. ఈ గుత్తి ఇక్కడి మట్టిలో పడితే నాకేం పోతుంది? ఇట్లా అనుకున్నాను. చెయ్యి మాత్రం చాపినచోటే ఉంది.

రెండో హారన్ వినబడింది. వంటక్క గేటు దాకా ఉరికి, "జర ఆగు అన్నా! ఈడ శని వదుల్తలేడు!" అని అరిచింది. పిల్లలు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

చిట్యాల మేడం ఒక్కసారి పంటి కింద పెదవి పట్టుకుని, చీర కొంగు ముందుకు తీసి రెండు చేతులతో పరిచి పట్టింది. "దీంట్ల వెయ్యిండ్రి మేడం."

కొంగు పట్టడం మా దిక్కు చిన్న విషయం కాదు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడు అట్లా పడుతుంది. ఒక చిన్న పిల్ల వరసలోంచి, "మేడంకు ఒడిబియ్యం!" అంది. కానీ నేను చెయ్యి ఎత్తి పైనుంచి గుత్తి వదిలితే నేనూ ఆ పొలం గలామెలాగే అవుతాను. పచ్చడి ముద్ద పడ్డట్టు పడుతుంది గుత్తి.

"పైనుంచి వెయ్య" అన్నాను.

"మరెట్ల మేడం!" ఆమెకు ఏడుపొకటే తక్కువ.

నేను దగ్గరికి పోయాను. కొంగు కింద నా ఎడమ చెయ్యి పెట్టి, కుడిచేత్తో గుత్తిని లోపల ఆనించి పెట్టాను. గుత్తి బరువుకు పట్టుచీర జారింది. ఆమె ఉలిక్కిపడి కొంగు ఒక కొస వదిలి, కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. ఆ చెయ్యి నా చేతి మీద పడింది. చల్లగా, చెమటగా ఉంది. గుత్తి, బట్ట, ఆమె చెయ్యి, నా చెయ్యి. నేను నా చెయ్యి మెల్లగా తీసుకున్నాను. దీన్ని చేతికి ఇచ్చినట్టు అనాలా, ఇవ్వనట్టు అనాలా నాకు ఇప్పటికీ తేలలేదు.

"అంత అయినట్టేనా?" అంది ఆమె.

"సామాను అయింది. పిల్లలు కాలే." వరసల వైపు చెయ్యి చూపించి, అందరికీ వినబడేటట్టు, "వీళ్లను మీకు అప్పగిస్తున్న మేడం" అన్నాను. తరువాత ఆగాను. పిల్లలు ఏమన్న సామానా అని ఆమె అడగాలి. అడిగితే చెప్పడానికి నా దగ్గర కొన్నేండ్ల జవాబు సిద్ధంగా ఉంది.

"అప్పగించుండ్రి మేడం" అంది ఆమె, కొంగులో గుత్తి మూట కట్టుకుంటూ. ఆమెకు ఏమీ యాదిలేదు. గెలిచానని నాకొక్కదానికే తెలిసింది. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

బస్సు దొరికింది. ఘన్‌పూర్ పక్క బడికి పోయేసరికి వాళ్లు కిటికీలు మూస్తున్నారు. ఆయాసపడుతూ సంతకం పెట్టాను. పొద్దుండగానే ఇల్లు చేరాను.

బిడ్డ తలుపు తీసింది. నాకన్నా పొడుగైంది. "వచ్చినవా? ఎన్ని రోజులు?" అంది.

"ఇగ ఇక్కడనే. మళ్ల పోవుడు లేదు."

"మంచిది" అని లోపలికి పోయింది. చదువు బల్ల ముందు కూర్చుంది.

వంటింట్లో నాకు ఉప్పు ఎక్కడుందో తెలియలేదు. గంటెలు వేరే చోట ఉన్నాయి. తండ్రీబిడ్డలిద్దరూ ఒకరినొకరు అడగకుండానే పళ్లాలు, నీళ్లు, మంచాలు సర్దుకుంటున్నారు. నేను ఎక్కడ నిలబడ్డా ఎవరో ఒకరికి అడ్డం వస్తున్నాను. మా ఆయన, "కూసో, పొద్దంత పరేషాన్ అయినవ్" అన్నాడు. కూర్చునే కుర్చీ మీద ఇస్త్రీ చేయాల్సిన బట్టలున్నాయి. నా చెయ్యి మాటిమాటికీ ఎడమ నడుము తడుముకుంటోంది. అక్కడ తాళాలు లేవు. అయినా ఇంకా గురుకులం గేటు లోపలే ఉన్నట్టుంది నాకు.

అప్పుడు బల్ల మీద పెట్టిన నా ఫోన్ మోగింది. బిడ్డ ఎత్తింది. "ఆఁ... ఉన్నది" అని, అలవాటుకొద్దీ తండ్రి వైపు చెయ్యి చాపింది. ఆయన తీసుకోబోయాడు. బిడ్డ ఆగింది. అటునుంచి తిరిగి నా దగ్గరికి వచ్చింది. "నీకే అమ్మా. ఎవరో మేడం" అని ఫోన్ నా అరచేతిలో పెట్టింది. ఆమె వేళ్లకు పెన్ను సిరా ఉంది.

చిట్యాల మేడం. "మేడం, ఒక పిల్లకు జరం వచ్చింది. మందుల బీరువా తెరుచుకుంటలేదు. అన్ని తాళాలు పెట్టి చూసినం."

"చిన్న పసుపు తాళం. కింది తలుపును మోకాలితోని లోపలికి నూకి, అప్పుడు తిప్పుండ్రి."

"మీరు చెప్పలే గద!"

"మీరు అడుగలే గద. సొట్టలన్ని అడిగిండ్రు."

ఫోన్‌లో తాళం కిర్రుమన్న చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు. మందుల పేర్లు ఎవరో పైకి చదువుతున్న మాటలు. అయిపోయిందనుకుని ఫోన్ పెట్టేయబోయాను.

"మేడం" అందామె. "పొద్దుగాల్ది... నాకు శనివారం ఇనుము పట్టింపు. అంతే. నా మనసుల ఇంకోటి లేదు. కోపం పోయిందా?"

"పోలే."

బల్ల దగ్గర మా బిడ్డ పెన్ను ఆగింది.

"భూపాలపల్లిది కూడా పోలే" అన్నాను.

"భూపాలపల్లిల ఏమైంది మేడం?" నిజంగానే అడుగుతోంది. ఆ గొంతులో దాపరికం లేదు. మా బిడ్డ కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద పడేసి, కుర్చీని నా దిక్కు కాలితో జరిపింది.

"ఎవరమ్మా? ఏమన్నది నిన్ను?"

"ఆగు, చెప్తున్న" అన్నాను ఇద్దరితోనూ.

"స్పీకర్ పెట్టు" అంది బిడ్డ.

పెట్టాను. కుర్చీలో కూర్చుని, మైకు దగ్గరినుంచి మొదలుపెట్టాను.